ఓబులేసు కారులో టర్బో

ఓబులేసు కారు ఆగుతుంది గానీ ఇంజను ఆగదు. తర్లుపాడు చుట్టుపక్కల ఇది తెలియని మనిషి లేడు. కారు ఎంత తొందర పని మీద పోయినా సరే, పోయి ఆగాక లోపలివాళ్ళెవరూ దిగకూడదు. తలుపు పిడి మీద చెయ్యి వెయ్యకూడదు. ఇంజను గురగురమంటూనే ఉండాలి. ఓబులేసు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి, "టర్బో చల్లారాల" అంటాడు. అది రెండు నిమిషాలు కావచ్చు, అయిదు కావచ్చు. ముందు సీట్లో ఆయన భార్య ముత్యాలమ్మ కొంగు సర్దుకుని, చెప్పులు వెతుక్కుని, కాళ్ళు దూర్చుకునే వేళకు టర్బో కూడా చల్లారుతుంది. "ఆ. ఇంక దిగండి" అని అప్పుడు తాళంచెవి తిప్పుతాడు.

ఎందుకిట్లా అని అడిగినవాడి పని అయిపోయినట్టే. ఇంజను వదిలిన పొగ పోయి ఒక చక్రాన్ని తిప్పుతుందనీ, ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరిగి ఇంజనులోకి గాలి కూరుతుందనీ, పరుగు మీద నుంచి వచ్చి ఉన్నపళంగా ఆర్పేస్తే నూనె ఆగి బేరింగులు మాడి మసైపోతాయనీ వివరిస్తాడు. వినేవాడి మొహంలో ఇంకా అనుమానం మిగిలితే ఎద్దుల్లోకి దిగుతాడు.

"పోటీలో బండలాగిన గిత్తను తెచ్చి ఒకేసారి గాట్లో కడతావా? కట్టవు. నాలుగడుగులు నడిపిస్తావు, రొప్పు దిగనిస్తావు, ఆనక నీళ్ళు చూపిస్తావు. ఇదీ అంతే. హార్స్ పవరంటే గిత్త పరుగు. టార్కంటే గిత్త మెడ. పరుగు చూసి కొనేటోడు పిలగాడు, మెడ చూసి కొనేటోడు రైతు."

ఇంకెవరైనా అంటే నవ్విపోయేవాళ్ళు. చదివింది అయిదో తరగతే అయినా ఓబులేసు లారీ స్టీరింగు వెనుక ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చున్నవాడు. మార్కాపురం పలకల పెట్టెలు మద్రాసుకు మోశాడు, ఒక్క పలక చిట్లలేదు. ఒకే క్లచ్ ప్లేటుతో ఎనిమిదేళ్ళు బండి నడిపాడు. నల్లమల ఘాటులో బ్రేకులు పోయిన లారీని గేర్ల మీదే దింపుకుంటూ గిద్దలూరు చేర్చి, టీ తాగి, రెండో టీ కూడా తాగి, అప్పుడు క్లీనరుకు ఆ కబురు చెప్పాడు. క్లీనరు అక్కడికక్కడే ఉద్యోగం మానేశాడు. ఈ మూడు ఘనకార్యాలూ వరుస తప్పకుండా ఆయనే చెబుతాడు. మధ్యలో ఎవరైనా అడ్డుపడితే మళ్ళీ పలకల పెట్టెల దగ్గర మొదలుపెడతాడు. అందుకని ఎవరూ అడ్డుపడరు.

ఈ టర్బో కింద అందరికంటే ఎక్కువగా నలిగింది బాలరాజు. ముత్యాలమ్మకు సొంత తమ్ముడు, ఓబులేసుకు బావమరిది. తర్లుపాడు దగ్గర రైల్వే గేటుకు ముప్పై నాలుగేళ్ళు కాపలా ఉన్నాడు. తన గేటు ఒక్క నిమిషం ముందు తెరుచుకోలేదు, ఒక్క నిమిషం ఆలస్యంగా మూసుకోలేదు. మంత్రిగారి కారు వచ్చి హారన్ కొట్టినా రైలు పోయేదాకా నిలబెట్టాడు. ఆ మంత్రిగారు దిగి వచ్చి భుజం తట్టి మెచ్చుకున్నారని బాలరాజు చెబుతాడు. తిట్టారని చూసినవాళ్ళు చెబుతారు. రిటైరైనా ఆ ఉద్యోగం ఆయన ఒంట్లోంచి దిగలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నా "లైన్ క్లియర్" అంటాడు, మనవడి ముక్కు చీదించినా "లైన్ క్లియర్" అంటాడు. లోకాన్నంతా గేటు దగ్గర నిలబెట్టిన మనిషి బావ కారులో బందీ అయ్యేసరికి, గేటు దగ్గర నిలబడ్డవాళ్ళందరి ఉసురూ ఒకేసారి తగిలినట్టయింది.

కనిగిరి పెండ్లి సంగతే తీసుకోండి. పెండ్లివారింటి ముందు కారు ఆగి అందులోంచి మనుషులు దిగకపోతే మన వైపు దానికి ఒకటే అర్థం, చుట్టాలు అలిగారు. మొదట పెండ్లికూతురి మేనత్త పసుపు కుంకుమ పళ్ళెంతో వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. తర్వాత పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. చివరికి పెండ్లికూతురి తండ్రి పంచె ఎగ్గట్టుకుని పరుగున వచ్చి, ఏం మర్యాద తప్పిందో సెలవియ్యమని చేతులు జోడించాడు. మర్యాదకేమీ లోటు లేదని ఓబులేసు అద్దం దించి శాంతంగా చెప్పి, గిత్తల ఉదాహరణ ఎత్తుకున్నాడు. అది పూర్తయ్యేలోపు లోపల మేళాలు మోగాయి. తాళి కట్టేటప్పుడు పెండ్లికూతురి తండ్రి వీడియోలో లేడు. కిటికీ దగ్గర టార్కు గురించి వింటున్నాడు.

పామూరులో ఒక పెద్దావిడ పోయినప్పుడైతే మరీ అన్యాయం జరిగింది. వాకిట్లో కారు ఆగడం చూసి, ముత్యాలమ్మ వచ్చిందని ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. కారు తలుపు తెరుచుకోలేదు. కాసేపు ఏడ్చి, దిగేదెవరూ కనపడక, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆపేశారు. ఒకావిడ వక్క కూడా నోట్లో వేసుకుంది. అప్పుడు తలుపు తెరుచుకుంది. వక్క ఉమ్మి వచ్చి మళ్ళీ మొదటినుంచి ఏడవాల్సి వచ్చింది. ఆ రోజు సిగ్గుతో బాలరాజు వెనక సీట్లో తుండుగుడ్డ మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. చావింట్లోవాళ్ళు ఆయన్ని చూసి, ఇంత దుఃఖపడేవాడు ఇంకొకడు లేడనుకున్నారు.

ఇంతకీ ఆ కారు వచ్చింది రెండేళ్ళ కిందటే. ఎత్తుగా, పొడవు తక్కువగా, మెడ బలిసిన గిత్తలాగా ఉండే ఎస్‌యూవీ, ఇటుక రంగు. అంతకుముందు ఏడాది ముత్యాలమ్మ ఊరి సెంటర్లో ఆటో దిగుతూ పడింది. ఆమె ఇరవై ఏళ్ళు పలకల క్వారీలో గొంతుక్కూర్చుని రాయి చీల్చిన మనిషి. దెబ్బేమీ తగల్లేదు. నలుగురూ పరిగెత్తుకొచ్చి లేవదీశారు, ఆ లేవదీయడమే ఆమెకు తగిలింది. ఒకరు చెయ్యి పడితే విదిలించుకునే రకం. ఇక గడప దాటనంది, ఆర్నెల్లు దాటలేదు. తర్వాత కారు వచ్చింది, ఆమె మళ్ళీ పెండ్లిళ్ళకూ పేరంటాలకూ తిరగసాగింది. ఆమె ముందు సీట్లో లేకుండా ఆ కారు ఊరు దాటడం ఎవరూ చూడలేదు. ఇంత వయసులో కారెందుకు కొన్నావు బావా అని బాలరాజు అడిగితే ఓబులేసు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"టార్కు బాగుండాది."

మొన్న ఎండాకాలంలో ముత్యాలమ్మ కూతురి కాన్పుకని గిద్దలూరు పోయింది. కారుకు గుడ్డ కప్పి ఓబులేసు ఇంట్లో కూర్చున్నాడు. అదే సమయంలో బాలరాజు కూతురు దుర్గకు టీచరు ఉద్యోగం దగ్గరికి వచ్చింది. మూడుసార్లు పరీక్ష రాసి, మూడోసారి గట్టెక్కింది. సర్టిఫికెట్లు చూపించడానికి మరుసటి రోజు పొద్దున తొమ్మిదికల్లా ఒంగోలులో ఉండాలని సాయంత్రం ఫోనుకు మెసేజి వచ్చింది. వేళ దాటితే తర్వాతి పేరు పిలుస్తారని కూడా అందులోనే ఉంది.

బాలరాజు ఆ ప్రయాణాన్ని రైలు నడిపినట్టు నడపదలిచాడు. ఆరింటి బస్సుకు కూతుర్ని నాలుగున్నరకే తెచ్చి సెంటర్లో నిలబెట్టాడు. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టాడు. గంటన్నరలో ఆ ఫైలు ఏడుసార్లు లెక్కపెట్టాడు. ఏడోసారి, బస్సు మలుపులో కనపడ్డాక, బీఈడీ ఒరిజినల్ లేదని తేలింది. ముందురోజు రాత్రి అంత విలువైన కాగితం బయట పెట్టకూడదని తనే తీసి, తన సర్వీసు కాగితాలతో, పచ్చజెండాతో పాటు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఒక్క అయిదు నిమిషాలు ఆగమని డ్రైవరును బతిమాలాడు. ముప్పై నాలుగేళ్ళు బస్సుల్ని ఆపినవాడి కోసం ఆ బస్సు అర నిమిషం ఆగలేదు.

"నువ్వు గేటు వేస్తే ఆయన ఇరవై నిమిషాలు నిలబడిన రోజులుండాయిలే నాయనా" అంది దుర్గ. ఆమె కళ్ళు బస్సు పోయిన దిక్కునే చూస్తున్నాయి.

కాగితం తెచ్చుకునేసరికి ఆరున్నర. ఆ వేళప్పుడు ఊళ్ళో కదిలే బండి ఒక్కటే ఉంది. బావ గుమ్మం ముందు నిలబడి బాలరాజు మనసులో లెక్క వేసుకున్నాడు. పొదిలిలో టీకి ఆగితే టర్బో, చీమకుర్తిలో గ్రానైటు లారీల వెనక ఇరుక్కుని ఆగితే టర్బో, పెట్రోలు బంకులో టర్బో, ఒంగోలులో ఆఫీసు గేటు ముందు పెద్ద టర్బో. కూతురి ఉద్యోగం పొగగొట్టంలోంచి పోతున్నట్టే కనిపించింది. అయినా తలుపు తట్టాడు. సంగతి విని ఓబులేసు చొక్కా వేసుకుంటూనే వచ్చాడు.

"కూచోండి" అన్నాడు.

ఆ రోజు బాలరాజు చూసిన ప్రయాణం అంతకుముందు చూసింది కాదు. మూడో గేరులో మేఘంలాగా ఉరిమి, అయిదో గేరులో పాములాగా జారిపోయింది ఇటుక రంగు కారు. పొదిలిలో టీ లేదు. చీమకుర్తి దగ్గర కొండంత బండల్ని మోస్తున్న లారీలు వరసగా పోతుంటే, ఒక గేరు దించి, ఇంజను గొంతు పెంచి, ఒక్కొక్కదాన్నీ పలకరించినట్టు దాటేశాడు. దాటిన ప్రతిసారీ "మెడ. మెడ చూడు దానికి" అన్నాడు. దుర్గ ఫైలును గుండెకు అదుముకుని కళ్ళు మూసుకుంది. బాలరాజు తన మొక్కులన్నీ జ్ఞాపకం చేసుకుని, తీర్చనివాటిని వేరు చేసుకున్నాడు.

ఎనిమిదీ నలభైకి ఆఫీసు గేటు ముందు కారు ఆగింది. ఆగడం, తాళంచెవి తిరగడం, ఇంజను ఆరిపోవడం ఒకేసారి జరిగాయి.

తండ్రీ కూతుళ్ళిద్దరూ అలవాటు కొద్దీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏంది కూచున్నారు? దిగండి."

"టర్బో" అన్నాడు బాలరాజు.

"ఏ టర్బో?" అన్నాడు ఓబులేసు.

అనేశాక మొహం అటు తిప్పుకున్నాడు. గడ్డం గోక్కున్నాడు. "ఓ, టర్బోనా. ఇయ్యాల గాలి చల్లగా ఉండాదిలే. దానికి అక్కర్లేదు. నువ్వు పో కోడలా, టైమైతాది" అన్నాడు. జూన్ నెల ఒంగోలులో, తారు చెప్పుకు అంటుకుంటున్న పూట.

దుర్గ లోపలికి పరిగెత్తింది. పది దాటాక నవ్వుతూ బయటికి వచ్చింది. అన్ని కాగితాలూ సరిపోయాయి. బాలరాజు సంతోషించాడు గానీ సగమే సంతోషించాడు. మిగతా సగం టర్బో దగ్గర నిలబడిపోయింది. రైలు రాకుండానే సిగ్నల్ పడితే గేటుమన్ నిద్రపోగలడా?

మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో మార్కాపురం మీదుగా వచ్చారు. ఓబులేసు కారును ఎప్పుడూ చూసే మెకానిక్ తౌఫీక్ షెడ్డులో నూనె మార్చమని పెట్టి, ముత్యాలమ్మ మోకాళ్ళ మందు తెస్తానని మందుల దుకాణానికి పోయాడు. దుర్గ నిమ్మకాయ సోడా తాగుతోంది. బాలరాజు తౌఫీక్ పక్కకు చేరి, బానెట్ ఎత్తే ఉంది గదా, ఆ టర్బో అనేది ఎక్కడుంటుందో ఒకసారి చూపించమన్నాడు.

తౌఫీక్ స్పానరు కింద పెట్టి, బయటికి తొంగి చూసి, చేతులు తుడుచుకున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, ఆ షెడ్డులోనే పుట్టినట్టుంటాడు.

"మామూ, దీనికి టర్బో లేదు."

"తీసేసినారా?"

"ఉంటే గదా తీసేదానికి. సాదా పెట్రోల్ ఇంజను ఇది. మీ కారులో ఉండే టర్బో అంతా చాచా నోట్లోనే ఉండాది."

బాలరాజు ఇంజను వంక చూశాడు. రెండేళ్ళు. కనిగిరి పెండ్లి. పామూరు ఏడుపులు. తుండుగుడ్డ కింద తన మొహం. ముప్పై ఒక్క ఏళ్ళు లారీ నడిపి, ఏ కారుకు ఏముందో తెలియని వెర్రివాడా తన బావ అని అడిగాడు.

తెలియకేం అన్నాడు తౌఫీక్. కారు కొనే ముందు టర్బో ఉన్న బండి తనే చూపించాడట. ఓబులేసు బానెట్ ఎత్తను కూడా ఎత్తలేదు. జేబులోంచి ముడి వేసిన ఒక పురికొస తీసి, నేల మీదనుంచి ముందు సీటు దాకా కొలిచాడు. ముత్యాలమ్మ నిద్రపోతున్నప్పుడు మడమ నుంచి మోకాలి పైదాకా కొలిచి వేసిన ముడి అది. ఆ పురికొసతో పదకొండు బండ్లు కొలిచాడు. కొన్ని సీట్లు కిందికి కుంగిపోయాయి, కొన్నిటికి పైకి ఎక్కాల్సి వచ్చింది. పన్నెండోది ముడి దగ్గరికి సరిగ్గా వచ్చింది. దీని ఇంజను గురించి చెప్పనా చాచా అంటే, తిరుగుతుంది గదా, చాలు అన్నాడట.

"చాచీకి కూచుని లేస్తే కళ్ళు తిరుగుతాయి మామూ. ఆ పొద్దు ఆటోకాడ పడింది అందుకే. చాచా డాక్టరుకాడికి పోయి, రోగం తనదే అని చెప్పి అడిగి వచ్చినాడు. ప్రయాణం నుంచి దిగే ముందు రెండు నిమిషాలు కాళ్ళు ఆడిస్తా కూచోవాల, టక్కన లేవగూడదు అన్నాడంట డాక్టరు. ఆ మాట చాచీతో అంటే ఆమె కారే ఎక్కదు. నీకు తెలుసు గదా మీ అక్క సంగతి. అందుకని రోగం ఇంజనుకు పెట్టినాడు." తౌఫీక్ మళ్ళీ స్పానరు అందుకున్నాడు. "నేను చెప్పినట్టు చెప్పబాక. నా షెడ్డుకు వచ్చి పలకల పెట్టెల కత మొదటినుంచి చెప్తాడు."

ఆ సాయంత్రం బాలరాజు, కారు ఇంటి ముందు ఆగీ ఆగకముందే ఇంజను ఆరిపోతే, దిగి, తలుపు మెల్లగా వేసి, బానెట్ మీద ఒక చిన్న దరువు వేసి వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి దుర్గకు పామూరు పక్క ఊరి బడిలో పోస్టింగు వచ్చింది. ఆ ఆదివారమే ముత్యాలమ్మను తీసుకురావడానికి గిద్దలూరు పోతుంటే బాలరాజు పిలవకుండానే వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. వచ్చేటప్పుడు కారు ఎద్దుబండిలాగా నిదానంగా నడిచింది. గుంటలు ముందే చూసుకుని తప్పుకుంది. కంభం దగ్గర టీకి ఆగగానే డాష్‌బోర్డు మీద చెయ్యి పడింది. బాలరాజు ఈసారి ముందు సీటునే కనిపెట్టి చూశాడు. ఓబులేసు చెయ్యి డాష్‌బోర్డు మీదే ఉంది గానీ, చూపు మాత్రం ఓరగా భార్య పాదాల మీద ఉంది. ఆ పాదాలు రెండూ మెల్లగా ఆడుతున్నాయి. చెప్పుల్లోకి దూరాయి. టర్బో చల్లారింది. రెండేళ్ళు వెనక కూర్చుని ఈ సిగ్నల్ చూడలేకపోయిన గేటుమన్‌ను ఏమనాలో బాలరాజుకు తెలియలేదు.

తర్లుపాడులో ఇంటి ముందు కారు ఆగింది. ఓబులేసు నోరు తెరిచేలోపే వెనకనుంచి గొంతు వచ్చింది.

"బావా, ఇంజను ఆర్పబాక. టర్బో బాగా కాగినట్టుండాది."

ఓబులేసు అద్దంలోంచి బావమరిదిని చాలాసేపు చూశాడు. "నీకెప్పటినుంచి తెలుస్తా ఉండాది ఈ విద్య?"

"రైలింజన్లు చూసినోడిని. నాకు నువ్వు చెప్పాల్నా?"

ఓబులేసు ఇంజను అట్లాగే ఉంచి, ఇంటి గేటు తీయడానికి దిగాడు. గడియ తుప్పు పట్టి కాసేపు మొరాయించింది. ముత్యాలమ్మ భర్త వీపు వంక చూసి, వెనక్కి తిరిగి గొంతు తగ్గించింది.

"ఒరే తమ్ముడా, ఒక మాట చెప్తా, మీ బావతో అనబాక. నాకు కూచుని లేచేటప్పుడు తల తిరుగుతాదిరా. ఈయన టర్బో పిచ్చి పుణ్యమా అని ఈ రెండు నిమిషాలు నాకు కలిసొచ్చినాయి. లేకపోతే ఎన్నిసార్లు పడేదాన్నో."

"బావకు చెప్పొచ్చు గదా అక్కా."

"ఆయనకా. ఆయన కడుపులో మాట దాగుతాదా? ఊరంతా చెప్తాడు." కొంగు సర్దుకుంది. కాళ్ళు ఆడించింది. "నువ్వు ఆ తౌఫీక్‌కు మాత్రం చెప్పు. ఇంజనులో ఏది పాడైనా పోనీ గానీ, ఆ టర్బోను జాగ్రత్తగా చూసుకోమను."

"అది చెడిపోయే టర్బో కాదులే అక్కా" అన్నాడు బాలరాజు.

ఓబులేసు గేటు తీసి వచ్చి, కారు లోపలికి తెచ్చి ఆపి, డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టాడు. ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు. సాదా పెట్రోలు ఇంజను తనకు లేనిదాన్ని చల్లార్చుకుంటూ గురగురమంది. ముత్యాలమ్మ పాదాలు చెప్పులు వెతుక్కున్నాయి. ఎడమది దొరికింది. కుడిది సీటు కిందికి పోయినట్టుంది, కాసేపు పట్టింది. అదీ దొరికింది.

ఓబులేసు నోరు తెరవబోయాడు.

"లైన్ క్లియర్" అన్నాడు వెనకనుంచి బాలరాజు.